తొమ్మిదో ఇల్లు

ఫిబ్రవరి 3, సోమవారం

కళ్ళజోళ్ళాయన మళ్ళీ వచ్చాడు. ఇల్లు పడగొట్టుకోవడానికి అనుమతి కోరుతూ ఇది మూడో అర్జీ. మొదటిసారి అరిచాడు. రెండోసారి బతిమాలాడు. ఈసారి రెండూ లేవు. కాగితం నా టేబుల్ మీద పెట్టి, మేడమ్, మీ కళ్ళజోడు ఎడమవైపు స్క్రూ వదులైంది, అన్నాడు. జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవర్ తీసి నిలబడే బిగించి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ, మా అక్క మేడ దిగి నాలుగేళ్ళయిందండి, అన్నాడు.

అరిచి ఉంటేనే బాగుండేది.

మా పాత కట్టడాల ఆఫీసు పెద్దసారు ఫైల్ తెరవకుండానే రిజెక్ట్ చేసెయ్ అన్నారు. కాకపోతే చూసొచ్చినట్టు ఉండాలి కాబట్టి ఒకసారి వెళ్ళి రమ్మన్నారు.

ఆయన భయం నాకు తెలుసు. ఒక వీధిని రక్షిత వీధి అనాలంటే అందులో వందేళ్ళు దాటిన ఇళ్ళు కనీసం తొమ్మిది ఉండాలని మా రూలు. ఆ వీధిలో సరిగ్గా తొమ్మిదే ఉన్నాయి. ఒక్కటి పోతే వీధి మొత్తం జాబితాలోంచి పోతుంది. మర్నాడు పొద్దున్నకల్లా బిల్డర్లు వాలిపోతారు. ఆ వీధిని జాబితాకెక్కించడం పెద్దసారు తన సర్వీసులో చేసిన ఒకే ఒక్క పెద్ద పని. జూన్‌లో రిటైరవుతున్నారు.

ఆ తొమ్మిదో ఇంటి పేజీ రాసింది నేను. పద్నాలుగేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో.

ఫిబ్రవరి 6, గురువారం, మధ్యాహ్నం 3

ఇప్పుడే వచ్చాను. టీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. చల్లారిపోయింది.

కింద ముందు గదిలో కళ్ళజోళ్ళ షాపు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను. బతకడమంతా మేడ మీదే: రెండు గదులు, వంటిల్లు, బాత్రూము. మధ్యలో చెక్కమెట్లు. ఎక్కుతూ లెక్కపెట్టాను, ఇరవై ఒకటి. సగంలో ఒక మెలిక. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. కుర్చీలో కూర్చోబెట్టి మనిషిని దించాలంటే దేవుడే దిగి రావాలి.

ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరు. వీధి వీధంతా ఎక్స్ఛేంజి అక్క అంటారట. పెళ్ళి చేసుకోలేదు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. గొంతు మాత్రం పడలేదు. ఆ గొంతుతో ఎవరైనా లైన్లో ఉండమంటే సాయంత్రం దాకా ఉంటారు.

నన్ను చూడగానే, ఆ వాక్యం రాసిన అమ్మాయివి నువ్వేనా, అంది. ఏ వాక్యం అన్నాను. అప్పజెప్పింది: "వెనుక భాగమున లిఫ్టు అమర్చినచో ప్రాచీన సోపాన స్వరూపమునకు భంగము కలుగును గనుక తిరస్కరించడమైనది." ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మూడున్నరేళ్ళ కిందట వాళ్ళు లిఫ్టు కోసం అర్జీ పెట్టుకుంటే నేను రాసిన జవాబు. సోపానమంటే మెట్లని మా తమ్ముడికి నేనే చెప్పాను, వాడు స్నానమనుకున్నాడు, అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత వెనక గోడ చూడటానికి వెళ్ళాను. బాత్రూము కిటికీ పైన పెచ్చు ఊడింది. లోపల ఎర్రగా ఏదో కనబడింది. తాళంచెవితో గోకాను. ఇనుప కమ్మీ. చుట్టూ సిమెంటు.

నూట నలభై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో ఎవరూ కిటికీ మీద కమ్మీ వేసి సిమెంటు పొయ్యలేదు. సున్నం, చెక్క దూలం, అంతే. ఇటుకలు కూడా చూశాను. మిషను ఇటుకలు. పాత ఇటుకకి వీటిలో సగం మందం కూడా ఉండదు.

పద్నాలుగేళ్ళ కిందట నేను వెనక్కి వెళ్ళలేదు. ఆ రోజు అదే ఆఖరి ఇల్లు. వాన. గుమ్మం పైన రాతిపలక మీద 1884 అని చెక్కి ఉంది. నల్లగా నిగనిగలాడే స్తంభాలు, గడపకి ఇత్తడి పువ్వులు. గొడుగు కింద నిలబడి ఐదు నిమిషాల్లో రాసుకుని బస్సెక్కాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయనకి చెప్పాను. లెక్కల మాస్టారు కదా, ముందు లెక్క వేశారు. ఇల్లు వందేళ్ళది కాదు, కాబట్టి తొమ్మిది కాదు ఎనిమిది, కాబట్టి వీధి లేదు, కాబట్టి నీ ఉద్యోగం లేదు. సమాధానం కింద రెండు గీతలు గీసినట్టు చెప్పారు. నిజం చెప్పాలోయ్, కానీ నిజానికి తొందరేముంది, పాతబడ్డ కొద్దీ దానికీ విలువ పెరుగుతుందిగా, మీ ఆఫీసు ఇళ్ళలాగా, అన్నారు. నవ్వించడానికే అన్నారు. నేను నవ్వకపోయేసరికి కూరగాయలు తరిగిపెట్టారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

మళ్ళీ వెళ్ళాను. కొలతలు తప్పాయని కళ్ళజోళ్ళాయనకి అబద్ధం చెప్పి మేడెక్కాను. ఆవిడ నన్ను చూసి, కమ్మీ చూశావా, అంది.

అంతే. అదే మొదటి మాట.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక పాత కచేరీ భవనాన్ని పడగొడుతుంటే ఆయన్ని కూలికి పిలిచారట. రాళ్ళూ రప్పలూ ఎత్తి పారబోసే పని. ఆయన పారబొయ్యలేదు. స్తంభాలు, తలుపులు, గుమ్మం మీది రాతిపలక, చెక్కమెట్లు, కూలికి బదులు అవే అడిగి తెచ్చుకున్నాడు. ఈ స్థలంలో అప్పుడు రేకుల షెడ్డు ఉండేది. అటూ ఇటూ ఉన్న పాత ఇళ్ళని చూసి, అచ్చు అలాగే, రెండేళ్ళు కట్టాడు. ఇసుక తనే మోసిందట. తొమ్మిదేళ్ళప్పుడు. తమ్ముడు అప్పటికి పుట్టలేదు. వాడికి తెలియదు, వాడూ ఇది ముత్తాతల ఇల్లే అనుకుంటాడు, అంది.

అంటే ఇంటి వయసు యాభై తొమ్మిది.

ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలేదుగా, అంది. ఆ రోజు వానలో ఒకమ్మాయి గొడుగు పట్టుకుని రాసుకోవడం కిటికీలోంచి చూసిందట. పదిహేను రోజులకి జాబితా పేపర్లో వచ్చింది. ప్రాచీన శిల్పకళకి చక్కని నమూనా అని రాశావు అమ్మాయ్, మా నాన్నని బతికినంతకాలం సిమెంటు కలిపేవాడు అనే పిలిచారు, ఆ పేపరు ముక్క ఆయన ఫొటో వెనక పెట్టాను, అంది. తర్వాత గొంతు తగ్గించి, ముప్పై ఏళ్ళు ఊరి గుట్టంతా చెవిలో పెట్టుకున్నదాన్ని, మా ఇంటి గుట్టు దాచలేనా, అంది. అప్పటికి నా కాళ్ళు బాగానే ఉన్నాయిగా, అని చేర్చింది.

ఫిబ్రవరి 13, గురువారం

బైండింగాయన రిజిస్టర్లు పట్టుకొచ్చాడు. మా ఆఫీసు పుస్తకాలన్నిటికీ అట్టలు కట్టేది ఈయనే. అదే వీధిలో మూడో ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్ళుగా అద్దెకుంటున్నాడు. తొమ్మిదో ఇంటి అర్జీ సంగతి ఆయన చెవిన పడింది. ఏమీ కాదు కదమ్మా, అని మూడుసార్లు అడిగాడు. వీధి జాబితాలో ఉన్నంతకాలం ఇంటివాడు తనని కదపలేడు. పోతే, ఈ వయసులో, ఈ కత్తెరా ఈ జిగురు గిన్నే పట్టుకుని ఎక్కడికి పోవాలి అన్నాడు.

ఏమీ కాదు అన్నాను. నోరు అలవాటుగా అనేసింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మూడు రిపోర్టులు రాశాను. మూడూ చింపాను.

ఒకటి: ఇల్లు పాతది, పడగొట్టరాదు. ఆవిడ మేడ మీదే ఉండిపోతుంది. రెండు: ఇల్లు పాతదే కానీ బలహీనం, కూలుతుంది, పడగొట్టవచ్చు. కూలిపోయే స్థితిలో పడగొట్టిన ఇంటిని వీధి లెక్కలోంచి తియ్యరని రూలుంది, వీధి మిగులుతుంది. ఆ స్థలమిస్తే కళ్ళజోళ్ళాయనకి రెండు ఫ్లాట్లు ఇస్తానన్న బిల్డరు, మనిషిని పంపి నా చెవిలో వేయించింది కూడా ఇదే. కానీ ఆ గోడల్లో వెంట్రుకవాసి పగులు లేదు. ఆ మేస్త్రీ కట్టిన గోడ బలహీనమని రాయడానికి చెయ్యి రాలేదు. పైగా జాబితాని చూసే కమిటీ మరో ఇంజనీరుని పంపితే పది నిమిషాల్లో తేలిపోతుంది. మూడు: నిజం. దాన్ని అన్నిటికంటే చిన్న ముక్కలుగా చింపాను.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అలా అన్నవాళ్ళకి పక్కలైనా ఖాళీగా ఉండేవి.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఏం రాయమంటారో మీరే చెప్పండి అని ఆవిణ్ణే అడిగాను. సిగ్గులేని పని.  నిజం రాస్తే ఇల్లు పోతుంది, రాయకపోతే నేను ఇక్కడే పోతాను, రెంటిలో ఏది నాకిష్టమో రోజుకోలా అనిపిస్తోంది, అంది. ఇవాళ ఏమనిపిస్తోంది అన్నాను. ఇవాళ మంగళవారం, అంది. ఇద్దరం నవ్వాం. దిగేటప్పుడు ఇరవై ఒక్క మెట్లూ మళ్ళీ లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 20, గురువారం, సాయంత్రం 5

పొద్దున పదకొండింటికి ఆ ఇంట్లో అద్దాల మిషను కాలింది. వైరు ఎక్కడో అంటుకుంది. మంట లేదు, పొగ. పొగ మెట్ల మీదుగా మేడ మీదికి ఎక్కింది. నేను కబురు తెలిసి వెళ్ళేసరికి అంతా సద్దుమణిగింది. వీధివాళ్ళు మెయిన్ ఆపేశారు.

కళ్ళజోళ్ళాయన మసి మొహంతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పొగ రాగానే పైకి పరిగెత్తాడట. అక్కని ఎత్తుకుని మెలిక దాకా వచ్చి, అక్కడ ఇరుక్కుని, ముందుకు రాలేక మళ్ళీ వెనక్కి ఎక్కాడట. కిటికీ తెరిచి అక్క పక్కన కూర్చున్నాడు. నువ్వు దిగిపో అని ఆవిడ అరిచింది. దిగలేదు. పొగ ఆగింది కాబట్టి మాట్లాడుతున్నానండి, అన్నాడు. ఆగకపోయినా కూర్చునేవాణ్ణే.

 ఆ మెట్ల స్వరూపం చెక్కుచెదరలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నిజం రాశాను. కమ్మీ ఫొటో, ఇటుక కొలత, మేస్త్రీ సంగతి, నా పేరు, నా తప్పు. ఒకటిన్నర పేజీ. పద్నాలుగేళ్ళ కిందటి రిపోర్టు మూడు పేజీలుంది. ఈ ఇల్లు రక్షణ పరిధిలోకి రాదు, పడగొట్టుకోవడం యజమాని ఇష్టం, అని ముగించాను. సంతకం ఎప్పటికంటే నీట్‌గా వచ్చింది.

ఫిబ్రవరి 24, సోమవారం

పెద్దసారు తలుపు మూశారు. ఆ తలుపు మూసుకుంటుందని నాకు ఇవాళే తెలిసింది.

తిట్టలేదు. అప్పటి రిపోర్టు మీద నా సంతకం కింద తన సంతకం చూపించారు. నేనూ వెనక్కి వెళ్ళి చూడలేదమ్మా, నువ్వు రాశావు కదా అని పెట్టేశాను, అన్నారు. తర్వాత బైండింగాయన పేరెత్తారు. ఒకటో ఇంట్లో అద్దెకున్న కుట్టుమిషన్ల ఆవిడ పేరెత్తారు. ఎనిమిది నిజమైన ఇళ్ళని ఒక అబద్ధపు ఇల్లు కాపాడుతుంటే నీకేంటి నొప్పి, అన్నారు.  మేడ మీద మనిషి ఉందండీ, అన్నాను. వెనక్కి తీసుకోమన్నారు. తీసుకోనన్నాను. 

విషయం కమిటీకి వెళ్ళింది. మార్చి మూడున విచారణ. ఇల్లు కట్టినప్పుడు చూసిన ఏకైక సాక్షి స్వయంగా హాజరు కావాలట. మెట్ల గురించి చెప్పాను. కమిటీ మెట్లెక్కదు అన్నారు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఆఫీసులో ఎవరూ నాతో టీకి రావడం లేదు.

మార్చి 3, సోమవారం

అంతా రాయాలి, రేపటికి మర్చిపోవాలనిపిస్తుందేమో.

ఎనిమిదింటికి మొదలుపెట్టాం. గట్టి కుర్చీ, నడుముకి దుప్పటి కట్టాం. ముందు ఒకరి వెనక ఒకరు కళ్ళజోళ్ళాయన, బైండింగాయన. వెనక అలాగే మా ఆయన, నేను. బైండింగాయన ఎందుకొచ్చాడో, ఆవిడ దిగితే తన కొంప మునుగుతుందని తెలిసీ ఎందుకు పట్టాడో నాకిప్పటికీ తెలియదు. అడిగితే, అక్కయ్య కదమ్మా, అన్నాడు. మెలిక దగ్గర కుర్చీ కాళ్ళు పట్టేశాయి. మా ఆయన కోణాలు లెక్కవేసి పక్కకి వాల్చమన్నారు. ఆవిడ గుండ్రంగా, స్పష్టంగా, దయచేసి వేచి ఉండండి, మీ కాల్ క్యూలో ఉంది, అంది. అందరం నవ్వి దాదాపు వదిలేశాం. నలభై నిమిషాలు పట్టింది.

వీధిలో ఆటో ఆగి ఉంది. ఎక్కించబోతే ఆగమంది. కుర్చీని ఇంటివైపు తిప్పమంది.

చూసింది. స్తంభాలు, గడప, పైన కిటికీ, తను నాలుగేళ్ళు కూర్చున్న కిటికీ.  టైమవుతోందక్కా అని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు.

విచారణ గదిలో ఐదుగురు. అధ్యక్షుడు నా రిపోర్టు చదివి, ఈ ఇల్లు మీ నాన్నగారు కట్టినదేనా, అని అడిగారు. ఆవిడ నా వైపు చూడలేదు.

కాదు, అంది. ఇల్లు నూట నలభై ఏళ్ళది. మా నాన్న వెనకవైపు రిపేర్లు చేశాడు, కిటికీ మీద కమ్మీ అప్పుడు వేసిందే. ఈ అమ్మాయి మంచిది, నేను కష్టపడుతున్నానని చూడలేక ఏదో రాసింది. మొదట రాసిందే కరెక్టు.

గదిలో ఊపిరి వదిలిన చప్పుడు నిజంగా వినబడింది. పెద్దసారు రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. ఆవిడ ఇంకా అయిపోలేదంది. మా తమ్ముడు అర్జీ పెట్టింది నా కోసమే, మీరు వెనకవైపు లిఫ్టుకి అనుమతిస్తే వాడు పడగొట్టే అర్జీ వెనక్కి తీసుకుంటాడు, ఇవ్వకపోతే మాత్రం ఆ కమ్మీ ఎప్పటిదో నేను మళ్ళీ ఆలోచించుకోవాలి, వయసు మీద పడింది కదా, జ్ఞాపకం అటూ ఇటూ అవుతుంది, అంది. అదే గొంతు. లైన్లో ఉండండి అన్న గొంతు.

పది నిమిషాల్లో అనుమతి ఇచ్చారు. నేను సోపాన స్వరూపం పేరుతో ఆపిన లిఫ్టుకి.

నా రెండో రిపోర్టు పొరపాటని మినిట్స్‌లో రాశారు. సంతకం పెట్టమన్నారు. కమ్మీ ఫొటో నా సంచీలోనే ఉంది. ఇటుక ముక్క ఉంది. బల్ల మీద పెట్టి ఉండొచ్చు. బైండింగాయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, చేతులకి కుర్చీ కమ్మీల ఎర్రచారలు.

సంతకం పెట్టాను.

మార్చి 5, బుధవారం

ఎందుకలా చెప్పారని అడిగాను. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇల్లు కనబడదు అమ్మాయ్, అంది. నాలుగేళ్ళ తర్వాత చూశాను. పక్క పాత ఇళ్ళకీ దీనికీ గోరంత తేడా కూడా లేదు, ఎవడూ కనిపెట్టలేడు, నువ్వు కనిపెట్టావా? ఎలా పడగొట్టమంటాను. నా సంగతేంటి అన్నాను. ఉద్యోగం నిలబెట్టాగా, అంది. నిలబెట్టింది నిజమే. దేని మీద నిలబెట్టిందో అడగలేదు.

మార్చి 12, బుధవారం

కళ్ళజోళ్ళాయన ఆఫీసుకి వచ్చాడు. బిల్డరు ఇస్తానన్న రెండు ఫ్లాట్లూ పోయాయని బాధ లేదట. ఒక్కటే అడగడానికి వచ్చానన్నాడు. మేడమ్, మీ రెండు రిపోర్టుల్లో ఏది నిజం?

ఆయన అక్కతో పొగలో కూర్చున్నవాడు. ఆయనకి అబద్ధం చెప్పకూడదు. నిజం చెప్తే ఆయన నోటివెంట ఎక్కడో ఒకచోట జారుతుంది, వీధి పోతుంది.

మీ అక్కగారు చెప్పిందే నిజం అన్నాను. సరేనండి, అన్నాడు. లేచి, మా నాన్న ఏమీ కట్టలేదన్నమాట, అన్నాడు. వెళ్ళిపోయాడు.

మే 19, సోమవారం

లిఫ్టు తనిఖీ నాకే వేశారు. బాగా పనిచేస్తోంది. ఆవిడ రోజూ పది గంటలకి దిగి షాపు కౌంటరు దగ్గర కూర్చుంటోంది. ఫోన్లన్నీ తనే ఎత్తుతోంది. తమ్ముడు అద్దాలు అరగదీస్తున్నాడు. పని మాటలు తప్ప మాట్లాడుకోవడం లేదని బైండింగాయన చెప్పాడు.

రిజిస్టరులో రాశాను: తృప్తికరం.

జూన్ 2, సోమవారం

రిటైరయ్యే ముందు పెద్దసారు తొమ్మిది ఇళ్ళకీ రాగిపలకలు పెట్టిస్తున్నారు. పలక మీద ఉండబోయే మాటలకి ఇంటివాళ్ళ సంతకం కావాలి. తీసుకెళ్ళాను. నిర్మాణ సంవత్సరం: 1884. నిర్మించినవారు: తెలియదు.

ఆవిడ చివరి పదం కింద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. స్పెల్లింగ్ కరెక్టే అమ్మాయ్, అంది. పెన్ను అడిగింది.